గూడవల్లి రామబ్రహ్మముగారు: ఆడని చిత్రము వెనుకటి కథ

నూజివీడు మామిడితోపులు దక్షిణముగా కొంత దూరము వచ్చి పలుచబడును. అచ్చటినుండి నేల క్రమముగా పల్లమై, బంగినపల్లి, చిన్నరసము చెట్లకు మారుగా కాలువగట్లును వరిచేలును కనబడును. మెట్టయు మాగాణియు ఇట్లు చేయి కలుపుకొను ప్రాంతమున ఉంగుటూరు మండలము కలదు. ఆ మండలములోనిది నందమూరు గ్రామము. 1902వ సంవత్సరములో గూడవల్లి రామబ్రహ్మముగారు జన్మించిన ఊరు అది. పాఠకులలో ఉపాధ్యాయులైన పెక్కుమందికి ఆ పేరు మాలపిల్ల చిత్రముతో జతపడి జ్ఞప్తికి వచ్చును. విద్యార్థులకు బహుశః ఏ విధముగను రాదు. అందు వారి దోషమేమియు లేదు. చెప్పవలసినవారము మనము చెప్పలేదు.

కొంతకాలము క్రిందట తరగతిలో మాటల సందర్భమున రామబ్రహ్మముగారి రైతుబిడ్డ చిత్రమును ప్రస్తావించితిని. ఒక విద్యార్థి లేచి, ఆ చిత్రము ఎన్ని రోజులాడినదని అడిగెను. ఆడలేదని చెప్పితిని. ఆడని చిత్రమును గురించి తెలిసికొననేల అని మరియొకని సందేహము. ప్రశ్న మొరటుగా తోచినను న్యాయమైనదే. ఆడని చిత్రములన్నియు గొప్పవి కావు. పెక్కు చిత్రములు మూలబడుట ప్రేక్షకుల తీర్పు సరియైనదగుటచేతనే. కాని ఒక చిత్రము ఎందువలన ఆడలేదో విచారింపకయే దానిని త్రోసిపుచ్చినచో, ప్రేక్షకుడు చూచి కాదన్న దానికిని, ప్రేక్షకుని యెదుటికే రానీయని దానికిని గల భేదము మనకు తెలియకుండ పోవును. రామబ్రహ్మముగారి జీవితములో ఈ రెండు విధములైన పరాజయములును కలవు. ఆ కారణముచేతనే ఆయన చరిత్రము చెప్పదగినది.

ఆయన పెరిగిన కాలము ఉద్యమముల కాలము. మహాత్ముని సహాయనిరాకరణ పిలుపు విని చదువు మానుకొన్న ఆంధ్రయువకులలో ఆయన యొకరు. కృష్ణాజిల్లా పల్లెలలో ఆనాడు ఒక ప్రక్క స్వరాజ్యోద్యమము, వేరొక ప్రక్క బ్రాహ్మణేతరోద్యమము, గ్రంథాలయములు, సంఘసంస్కరణ సభలు, నాటకసమాజములు అన్నియు ఒకేసారి విజృంభించుచుండెను. నేటి యువకునకు ఇవి పరస్పరవిరుద్ధములుగా తోచవచ్చును. నాటివారికి ఒకే ఇంటికి గల వేర్వేరు వాకిళ్లవలె ఉండెడివి. రామబ్రహ్మముగారు ఒక వాకిట ప్రవేశించి మరియొక వాకిట బయటికి వచ్చినవారు. సమదర్శిని పత్రికకు సంపాదకత్వము వహించిరి. ఆ పిమ్మట చెన్నపట్టణములో ప్రజామిత్ర అను వారపత్రికను నడపిరి.

ప్రజామిత్రను గురించి ఒక ముక్క చెప్పక తప్పదు. దానికి సహాయసంపాదకుడుగా వచ్చిన యువకుడు సముద్రాల రాఘవాచార్యులుగారు. పత్రిక ముద్రణమైనది బి.ఎన్.రెడ్డిగారి బి.ఎన్.కె. ప్రెస్సులో. ఒక చిన్న అచ్చుకూటము, ఒక వారపత్రిక, కొందరు మిత్రులు. తరువాతి ఇరువది సంవత్సరముల తెలుగు చలనచిత్రమునకు కావలసిన బుద్ధిబలములో సగపాలు ఆ గదిలో కూర్చుండి ప్రూఫులు దిద్దుచుండెనన్నచో అతిశయోక్తి కాదు. రామబ్రహ్మముగారు చిత్రరంగమునకు పోయినను స్వభావముచేత పత్రికాసంపాదకులుగనే ఉండిరని నా అభిప్రాయము. ఆయన చిత్రములలోని బలమును, దోషమును అక్కడనుండి వచ్చినవే. సంపాదకుడు లోకము మారవలెనని వ్రాయును. మారకున్న మరునాడు మరల వ్రాయును. చిత్రదర్శకునకు ఆ మరునాడు అంత సులభముగా దొరకదు.

తెలుగు టాకీ భక్తప్రహ్లాదతో 1932లో పుట్టినది. మొదటి కొన్ని యేండ్లు పురాణములదే రాజ్యము. నాటకశాలలో ప్రసిద్ధములైన పద్యనాటకములనే కెమెరా యెదుట ఆడించి, వానినే చిత్రములనిరి. సాంఘికమును తీయవలెనన్న ప్రయత్నము 1936లో ప్రేమవిజయముతో ఆరంభమైనది కాని, ఆ చిత్రమునకు ఆదరణ లభింపలేదు. సాంఘికము తీసినచో డబ్బు పోవునను భయము నిర్మాతలలో పాతుకొన్నది. రామబ్రహ్మముగారు చెన్నపట్టణములోని వేల్ పిక్చర్సు సంస్థతో సంబంధము పెట్టుకొని, చిత్రనిర్మాణపు సాధకబాధకములను ఆ పౌరాణికముల నీడననే నేర్చుకొనిరి.

ఆ పిమ్మట సారథి ఫిలిమ్సు స్థాపితమైనది. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాదుగారు దానికి అధ్యక్షులు, నడపువారు రామబ్రహ్మముగారు. మా ప్రాంతపు జమీందారులకు చిత్రములపై మక్కువ హెచ్చు. నూజివీడు చెంతనున్న మీర్జాపురము రాజాగారు చెన్నపట్టణమున స్టూడియో కట్టి, దానికి ఆగిరిపల్లి కొండమీది స్వామి పేరు తలపునకు వచ్చునట్లు శోభనాచల అని నామకరణము చేసిరి. నేడు ఆగిరిపల్లి తిరునాళ్లకు పోవు భక్తులలో ఎంతమందికి ఈ సంగతి తెలియునో! అదెట్లున్నను, జమీందారు ధనముతో స్థాపితమైన సంస్థ సారథి అను మాట పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు కథకు అది ముఖ్యము.

సారథివారి తొలిచిత్రము మాలపిల్ల 1938లో విడుదలయ్యెను. కథ గుడిపాటి వెంకటచలముగారిది. సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. బ్రాహ్మణయువకుడు హరిజన కన్యను ప్రేమించుట ఇతివృత్తము; దాని వెనుక దేవాలయప్రవేశ సమస్య, హరిజనుల హక్కుల పోరాటము. తిరువాన్కూరులో 1936లో ఆలయములు హరిజనులకు తెరువబడెను. మధుర మీనాక్షి ఆలయప్రవేశము 1939లో జరిగెను. ఈ రెంటి నడుమ, వివాదము కాగుచున్న నూనెవలె ఉన్న వేళ, ఈ చిత్రము వచ్చినది. కాంచనమాల రూపము, గోవిందరాజుల సుబ్బారావుగారి నటనము, భీమవరపు నరసింహారావుగారి సంగీతము జనులను ఆకట్టుకొనెను. బసవరాజు అప్పారావుగారి గేయములు చదువుకొన్నవారి పుస్తకములనుండి పల్లెటూరి నోళ్లకు ప్రాకెను.

తెలుగు బోధించువాడను గనుక ఒక విషయము మరికొంత చెప్పనిండు. మాలపిల్లలో పాత్రలు మనుష్యులవలె మాటలాడినవి. అంతకుముందు తెరమీద ఇంటివారితో మాటలాడునప్పుడు కూడ రంగస్థలముపై రాజు మంత్రితో మాటలాడు ధోరణియే. తాపీవారు వ్యావహారికమును సంభాషణలకు వాడి, అది హాస్యపాత్రలకు మాత్రమే తగునను అపోహను తొలగించిరి. ఇట్టి గ్రాంథికచ్ఛాయలో వ్యాసము వ్రాయుచున్న నేను ఈ మాట ఒప్పుకొనుట కొందరికి నవ్వు పుట్టించునేమో. పుట్టనిండు.

మాలపిల్ల బాగుగా ఆడెను. ఆ ధైర్యముతో రామబ్రహ్మముగారు రెండవ చిత్రమునకు పూనుకొనిరి. కులమును ప్రశ్నించినప్పుడు ఆక్షేపించినవారు ఉండిరి కాని, ఆక్షేపణలే టిక్కెట్లను అమ్మిపెట్టెను. ఇప్పుడు ఆయన భూమిని గురించి ప్రశ్నింపబూనిరి. ఆక్షేపించువాని చేతిలో అధికారము కూడ ఉన్నప్పుడు ఏమి జరుగునో ఆయన అనుభవమునకు వచ్చెను.

విద్యార్థులకు జమీందారీ యనగా ఏమో నేడు వివరింపవలసి యున్నది. చెన్నరాజధానిలో 1802లో వచ్చిన శాశ్వతపు పరిష్కారము ప్రకారము జమీందారు ప్రభుత్వమునకు కట్టవలసిన పేష్కషు స్థిరముగా ఉండిపోయెను. రైతునుండి అతడు వసూలు చేయు శిస్తు మాత్రము పెరుగుచు వచ్చెను. 1908లో ఎస్టేట్ల భూమి చట్టము వచ్చి రైతునకు కొంత రక్షణ కల్పించినను, కచేరీలో ఆ చట్టమును చదివి చెప్పువాడు లేడు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని వి.వి.గిరిగారు ఓడించుట జమీందారీ ప్రాంతములన్నిట పెద్ద సంచలనము. ఆ తరువాత ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గములో రెవెన్యూమంత్రియైన టంగుటూరి ప్రకాశముగారు జమీందారీల విచారణసంఘమునకు అధ్యక్షత వహించి, 1938లో నివేదిక సమర్పించిరి. పొలమునకు నిజమైన యజమాని రైతేనని ఆ నివేదిక సారాంశము. పల్లెలలో రైతుసంఘముల పాటలు మ్రోగుచుండెను. శిస్తు కట్టువారికే ప్రధానముగా ఓటు ఉండిన ఆ రోజులలో, రైతు ఓటు ఎవరికి వేయుననునది జమీందారునకు ప్రాణసంకటమైన ప్రశ్న.

ఈ ప్రశ్నయే రైతుబిడ్డకు మూలము. 1939లో విడుదలయైన ఆ చిత్రమునకు మాటలు వ్రాసినవారు త్రిపురనేని గోపీచందుగారు. పాటలకు రామబ్రహ్మముగారు అప్పాపురమునుండి కొసరాజు రాఘవయ్యచౌదరిగారిని పిలిపించిరి. జానపద బాణీలలో రైతుల కష్టములను పాడగల కవి వేరొకడు ఆయనకు తోచలేదు. చిన్నరైతు నరసిరెడ్డిగా బళ్లారి రాఘవగారు నటించిరి. వృత్తిచేత న్యాయవాది, ప్రవృత్తిచేత మహానటుడు అయిన రాఘవగారు రంగస్థలమున సార్వభౌములు. చలనచిత్రములలో మాత్రము బహు తక్కువగా కనబడిరి. 1936లో ఆయన దుర్యోధనుడుగా నటించిన ద్రౌపదీమానసంరక్షణము, పోటీగా వచ్చిన ద్రౌపదీవస్త్రాపహరణము ముందు నిలువలేకపోయెను. అయినను రామబ్రహ్మముగారు ఆయననే కోరిరి. సురభి కమలాబాయిగారు, బాలికయైన టంగుటూరి సూర్యకుమారి, గిడుగు వెంకట సీతాపతిగారు ఇతర నటులు. వ్యావహారికభాషోద్యమ పితామహుడైన గిడుగు రామమూర్తి పంతులుగారి కుమారుడు, పండితుడు, ముఖమునకు రంగు పూసికొని కెమెరా ముందు నిలిచెననగా ఆ చిత్రమునందు పెద్దలకెంత విశ్వాసమో ఊహింపవచ్చును. కూచిపూడినుండి వేదాంతము రాఘవయ్యగారు వచ్చి నృత్యము చేసిరి. తెలుగుదేశపు ఉత్తమశక్తులు ఒకచోట కూడుట అంతకుముందు జరుగలేదు. ఆ తరువాతను అరుదుగనే జరిగినది.

కథ సరళమైనది. షావుకారు వద్ద అప్పుపడిన రైతు, జమీందారు అండగల అభ్యర్థికి గాక రైతుల పక్షమున నిలిచినవానికి మద్దతు తెలుపును. అందుచేత అతనికి కష్టములు వచ్చిపడును. ఇంతే. కాని ఈ ఇంతలోనే అప్పుపత్రమునకును ఓటునకును గల ముడి బయటపడుచున్నది. ఆనాటివరకు తెలుగు తెరమీద దరిద్రుడు ఉన్నాడు; దయాళువైన ధనికుడు వచ్చి కన్నీరు తుడుచుటయు ఉన్నది. దారిద్ర్యమునకు ఒక ఖాతాపుస్తకము, ఒక కచేరీ, ఒక చట్టము కారణములై యుండునని తెరమీద కనబడుట క్రొత్త. జమీందారు అధ్యక్షుడుగా గల సంస్థ జమీందారీ విధానమును ప్రశ్నించు చిత్రమును తీయుట అంతకన్న వింత. చల్లపల్లి రాజావారి ఔదార్యమనవలెనో, రామబ్రహ్మముగారి ఒప్పించు నేర్పు అనవలెనో పాఠకులే నిర్ణయించుకొందురుగాక.

తక్కిన జమీందారులు మాత్రము ఊరకుండలేదు. చిత్రము తమను అవమానించుచున్నదని కన్నెఱ్ఱజేసిరి. వ్యాజ్యముల బెదిరింపులు వచ్చెను. నెల్లూరు మున్నగు ప్రాంతములలో ప్రదర్శన నిషేధింపబడెను. ఆనాడు సినిమాహాళ్లు పట్టణములలోనే. పల్లెలకు డేరా సినిమాలే దిక్కు. డేరా వేయుటకు స్థలము కావలెను, అనుమతి కావలెను, పెద్దల దయ కావలెను. ఆ మూడును ఎవరి చేతిలో ఉండెనో చెప్పనక్కరలేదు. పైగా 1939 సెప్టెంబరులో ప్రపంచయుద్ధము మొదలయ్యెను. అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా ఇచ్చెను. రైతు పక్షమున మాటలాడగల ప్రభుత్వము సైతము లేకపోయినది. ఎవరికొరకు చిత్రము తీసిరో ఆ రైతులలో అత్యధికులు దానిని చూడనేలేదు. మా ఇంటి పెద్దలలో మాలపిల్లను బండ్లు కట్టుకొని పోయి చూచితిమని మురిసిపోయి చెప్పినవారిని నేను ఎరుగుదును. రైతుబిడ్డను చూచితినని చెప్పినవారు నాకు ఒక్కరును తారసపడలేదు.

అయితే నిషేధమే సర్వకారణమని చెప్పి ఊరకుండుట చిత్రమునకు అపచారము. అట్లు చెప్పినచో దానిని మెచ్చుకొన్నట్లు కాదు, జాలిపడినట్లగును. అరిగిపోయిన ప్రతిలో, గరగరమను ధ్వనిలో ఆ చిత్రమును చూచినవాడను గనుక తోచిన దోషములను చెప్పుచున్నాను. కథనము మెల్లగా నడచును. పాటలు కథను ఆపి ఉపన్యసించును. సంపాదకుడు దర్శకునిపై పైచేయి చేసికొన్న చోట్లు కలవు. అక్కడ పాత్రలు మనతో మాటలాడుచున్నవే గాని ఒకదానితో ఒకటి మాటలాడవు. ఆ సంవత్సరమే విడుదలయైన బి.ఎన్.రెడ్డిగారి వందేమాతరము కూడ సాంఘికమే. అందు నాగయ్యగారి గానమును, ఒక కుటుంబపు కష్టసుఖములును ముందు నిలిచి, ఉద్బోధ వెనుక నడచెను. జనులు దానిని గుండెలకు హత్తుకొనిరి. మిత్రులైన ఇద్దరు దర్శకుల నడుమ ఈ భేదమును గ్రహించిన విద్యార్థికి చిత్రకళను గురించి వేరే పాఠము అక్కరలేదు.

గుణములను చెప్పవలెనన్న మొట్టమొదట రాఘవగారిని చెప్పవలెను. రంగస్థలమును గడగడలాడించిన ఆ కంఠము ఇచ్చట దాదాపు ఇంటి మాటల స్థాయికి దిగివచ్చినది. అప్పుపడినవాడు షావుకారు యెదుట నిలుచు తీరు, చూపు క్రిందికి దించుకొనియు మెడ వంచకుండుట, తెలిసినవానికి గాని కనబడని అభినయము. ఆనాటి ప్రేక్షకుడు రాఘవగారినుండి దుర్యోధనుని కోరియుండును. దొరకినది మన ప్రక్కయింటి రైతు. అది నిరాశయగుట సహజమే. కూచిపూడి నృత్యము విషయమును అట్టిదే. పట్టణవాసులు భాగవతుల ఆటగా చిన్నచూపు చూచుచుండిన కళను, ఏ మెఱుగులును పెట్టక తెరకెక్కించిరి. కథకు అది అడ్డమే. కాని నేడు ఆ నృత్యఘట్టము ఒక తరము కూచిపూడి ఎట్లుండెనో చూపు సాక్ష్యము. కాలము గడచిన కొలది చిత్రములోని కొన్ని దోషములు దోషములుగనే మిగులును. కొన్ని మాత్రము విలువలుగా మారును. ఈ మార్పును గమనించుటయే పాతచిత్రములను చూచుటలోని ఆనందము.

ఈ అనుభవము మనకే కలిగినది కాదు. అదే 1939లో ఫ్రాన్సుదేశమున ఝాఁ రెన్వార్ అను దర్శకుడు ఆటనియమములు అను అర్థము వచ్చు పేరుతో ఒక చిత్రము తీసెను. ధనికుల విలాసజీవితములోని డొల్లతనమును చూపినందుకు ప్యారిసు ప్రేక్షకులు ఈలలు వేసిరి. యుద్ధము రాగానే ప్రభుత్వము దానిని నిషేధించెను. ఇరువది యేండ్ల తరువాత, 1959లో, ముక్కలను ఏర్చికూర్చి దానిని పునరుద్ధరించిరి. నేడు లోకములోని ఉత్తమచిత్రములను లెక్కించువారు దానిని మరువరు. రైతుబిడ్డ కళలో దానికి సాటి యని నేను అనను. రెండు దేశములలో ఒకే సంవత్సరమున, పెద్దలకు కోపము తెప్పించిన రెండు చిత్రములు ఒకే విధమైన శిక్ష పొందెననుట మాత్రము నిజము. ముక్కలను ఏర్చికూర్చు శ్రద్ధలోనే ఆ దేశమునకును మనకును భేదము.

రామబ్రహ్మముగారి రెండవ విధమైన పరాజయము 1940లో ఇల్లాలు చిత్రముతో వచ్చినది. దీనిని ఎవరును నిషేధింపలేదు. ప్రజలే చూచి మెచ్చలేదు. తప్పు ప్రజలదని వాదించుటకు నాకు ఆధారములు లేవు. ఐనను ఈ చిత్రమునకు తెలుగువారు పడిన ఋణము గొప్పది. కలకత్తా సంగీతపు గాలి సోకి వచ్చిన యువకుడు సాలూరి రాజేశ్వరరావుగారికి సంగీతము అప్పగించి, ఆయననే తెరపై నిలిపి, రావు బాలసరస్వతీదేవిగారితో పాడించిరి. 1933లోనే కీర్తిశేషులైన బసవరాజు అప్పారావుగారి గేయములు ఈ గొంతులలో మరల జీవించెను. రాగమును ఆలపించి చూపుట గాక, మాటలోని భావమును మెల్లగా విప్పి చూపు పద్ధతి. ఆర్భాటము లేని వాద్యములు. లలితసంగీతమని మనము నేడు పిలుచుదాని తొలి అడుగులు ఇవి. చిత్రము వెళ్లిపోయినది, గ్రామఫోను రికార్డులు ఇండ్లలో నిలిచిపోయినవి. పది యేండ్ల తరువాత మల్లీశ్వరి పాటలకు పరవశులైనవారు, ఆ సంగీతదర్శకుడు తన చేయి తిప్పుకొన్నది ఒక ఓడిన చిత్రములోనని తలచిరో లేదో.

పరాజయములు వరుసగా వచ్చినప్పుడు మనిషి ఏమగునో తరువాతి యేండ్లు చూపుచున్నవి. 1941లో అపవాదు, 1942లో పత్ని, 1943లో పంతులమ్మ. పత్ని తమిళుల శిలప్పదికారపు కణ్ణగి కథ, ఋష్యేంద్రమణిగారు కణ్ణగి. పాలకుని అన్యాయపు తీర్పును నిండుసభలో నిలదీసిన స్త్రీ కథను, రైతుబిడ్డకు జరిగినది చూచిన దర్శకుడు ఎన్నుకొనుట కేవలము యాదృచ్ఛికమని నేను నమ్మజాలను. పంతులమ్మ అను పేరును ఉపాధ్యాయినులైన పాఠకులు సంతోషముతో గుర్తుంచుకొందురని తలచెదను. యుద్ధకాలమున ముడిఫిల్ము కరవై, చిత్రముల నిడివి 11,000 అడుగులకు మించరాదని ప్రభుత్వము కట్టడి చేసెను. అడుగుకు లెక్క చెప్పవలసిన ఆ రోజులలో ప్రయోగములకు డబ్బు పెట్టువారు తగ్గిరి.

1945లో మాయాలోకము వచ్చినది. కాంభోజరాజు కథ, గోవిందరాజుల సుబ్బారావుగారు, యువకుడైన అక్కినేని నాగేశ్వరరావుగారు అందు నటించిరి. మాయలు, మంత్రములు, సవతుల కుట్రలు. ప్రజలు విరగబడి చూచిరి. చిత్రము చక్కనిదే, చూచితిని, నవ్వితిని. కాని మాలపిల్ల తీసిన చేతులు ఏడేండ్ల తరువాత విజయముకొరకు జానపదమునకు రావలసి వచ్చెనను తలపు ఆ నవ్వును కొంత అణచినది. ఇది ఆయనను తప్పుపట్టుట కాదు. అప్పులవారికి ఆదర్శములను చూపి సరిపెట్టుట ఎవరితరము?

చివరకు ఆయన తన పాత దారికే వచ్చిరి. పలనాటి యుద్ధమును తీయబూనిరి. నాగమ్మగా కన్నాంబగారు, బ్రహ్మనాయుడుగా గోవిందరాజులవారు, బాలచంద్రుడుగా అక్కినేనివారు. బ్రహ్మనాయుడనగా చాపకూడు, సర్వకులములవారును ఒకే చాపమీద కూర్చుండి భుజించుట. మాలపిల్ల దర్శకునకు ఇంతకన్న ప్రియమైన నాయకుడు దొరకడు. చిత్రము మధ్యలో ఉండగనే ఆరోగ్యము చెడి, 1946 అక్టోబరు 1న రామబ్రహ్మముగారు కన్నుమూసిరి. వయస్సు నలుబదినాలుగు. ఆ యేడే ఏప్రిలులో రాఘవగారును గతించి యుండిరి. మిగిలిన చిత్రమును ఏలూరు చెంతనున్న సోమవరప్పాడు వాస్తవ్యుడు ఎల్.వి.ప్రసాదుగారు పూర్తిచేయగా, 1947లో విడుదలయ్యెను. ఆ ప్రసాదుగారే 1950లో షావుకారు తీసిరి. ఇరుగుపొరుగు రెండు కుటుంబముల తగవును అంత సహజముగా చూపిన ఆ చిత్రమునకును తొలుత గొప్ప వసూళ్లు రాలేదు. దాని కీర్తి తరువాత మెల్లగా పెరిగినది.

రైతుబిడ్డ పరాజయముతో స్వగ్రామమునకు మరలిపోయిన కొసరాజుగారు పదునైదేండ్లవరకు చిత్రములవైపు దాదాపు చూడలేదు. 1954లో కె.వి.రెడ్డిగారి పెద్దమనుషులు ఆయనను మరల రప్పించెను. అంతలో కాలము మారినది. 1948లో జమీందారీల రద్దుచట్టము వచ్చెను. 1955లో సారథివారే రోజులు మారాయి అను చిత్రమును తీసిరి. విషయము మరల రైతే, భూమియే. దర్శకుడు తాపీ చాణక్యగారు, మాలపిల్లకు మాటలు వ్రాసిన ధర్మారావుగారి కుమారుడు. అందలి ఏరువాక పాట కొసరాజుగారిదే. దానికి నర్తించిన యువతి వహీదా రెహమాను. ఊరూర ఆ పాట మ్రోగెను, చిత్రము ఘనవిజయము పొందెను. ఆ సంస్థయే, ఆ కవియే, ఆ భూమియే. జమీందారుడు మాత్రము లేడు. రామబ్రహ్మముగారును లేరు.

మొదట చెప్పిన తరగతి సంగతి మిగిలియున్నది. ప్రశ్న అడిగిన విద్యార్థుల కొరకు ఒక శనివారము మధ్యాహ్నము రైతుబిడ్డను ప్రదర్శించితిని. మొదటి అరగంటలోనే కొందరు మెల్లగా జారుకొనిరి; నేను ఆపలేదు. ఎన్ని రోజులాడినదని అడిగినవాడు మాత్రము కడవరకు కూర్చుండెను. వాని తండ్రి నూజివీడు వైపు మామిడితోటలను గుత్తకు తీసికొనువాడట. పూత రాకముందే వ్యాపారివద్ద బయానా తీసికొని, కాయ దిగగానే ఆ వ్యాపారి చెప్పిన ధరకే ఆయనకు తోలుట వారికి ఏటేట అలవాటట. ఈ సంగతులు చిత్రము ముగిసిన పిమ్మట వాడు తానుగా చెప్పెను. చెప్పి, నరసిరెడ్డి షావుకారు యెదుట నిలుచు ఘట్టమును మరియొకసారి వేయుమని అడిగెను. మరల వేసితిని.